గని దారికి అడ్డంగా కూర్చున్న సిస్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున టిఫిన్ ముందు కూర్చున్నాను. నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. "బాబాయ్, పెద్దమ్మ పోయింది" అంది అవతల ఆమె చెల్లెలి కూతురు. "లేచి మొహం కడుక్కుంది. కాఫీ పెట్టమంది. కలుపుకుని వచ్చేలోపల మంచం మీద ఒరిగిపోయింది." "కాఫీ తాగనే లేదా?" అని అడిగాను. "లేదు బాబాయ్" అని ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఫోన్ పెట్టేశాక ప్లేటులో ఇడ్లీలు అలాగే ఉండిపోయాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి, ఎవరని అడక్కుండానే పక్కన కూర్చుంది.

పోయినావిడ చుట్టరికానికి నాకేమీ కాదు. ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఈ తరం వాళ్ళెవరికీ ఆమె తెలిసే అవకాశం లేదు. గురజాల దగ్గర సున్నపురాయి క్వారీ నడిపినవాడిగా నన్ను కొందరు ఎరుగుదురు. పెళ్ళిళ్ళలో కనిపించి, "ఆ రోజుల్లో అంత పని ఒంటిచేత్తో ఎట్లా నడిపించావయ్యా" అంటుంటారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఒంటిచేత్తో నడపలేదని చెప్పడానికి ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నాకు ముప్పై ఒక్కేళ్ళు. మా నాన్నది మిర్చి, పత్తి సేద్యం. ఆ సేద్యం వదిలి, ఊరికి నాలుగు మైళ్ళ అవతల గడ్డి కూడా మొలవని రాతి నేల మీద లీజు తీసుకున్నాను. రాయి పేల్చి తీయడం, రెండు బట్టీల్లో కాల్చి సున్నం చేయడం, లారీలకెత్తడం. మొదటి ఏడాది ఇరవై మందితో మొదలైన పని రెండో ఏడాదికి డెబ్భై మందికి చేరింది. పని పెరిగినందుకు సంతోషపడాల్సింది పోయి, పొద్దున్నే ఆ దారి పట్టకుండా వంకలు వెతికేవాణ్ణి. ఎవరికి ఏం కావాల్సి వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. గునపం విరిగినా నేనే, లారీ బురదలో దిగబడినా నేనే. నేను క్వారీలో ఉంటే బట్టీ ఆగేది. బట్టీ దగ్గరుంటే క్వారీ ఆగేది. గుంటూరు వెళ్తే రెండూ ఆగేవి.

ఆ ఎండాకాలం నాకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, లేచి నిలబడితే ఒళ్ళు తూలేది. మా ఎదురింట్లో సిస్టరమ్మ చెల్లెలి కుటుంబం ఉండేది. సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరై, ఆమె ఆ మధ్యనే చెల్లెలి దగ్గరికి వచ్చి ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, తలకు నున్నగా దువ్విన ముడి, ఎడం చేతికి మగవాళ్ళ గడియారం. మా ఆవిడ వెళ్ళి పిలిస్తే వచ్చి, నా కనురెప్ప కిందికి లాగి చూసి, "లేచావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నారు. ఆ రోజు నుంచి రోజూ రెండు పూటలా వచ్చి ఏం తిన్నానో, ఎంత నీళ్ళు తాగానో అడిగి వెళ్ళేవారు.

అట్లా వచ్చినప్పుడే ఆమె మా కిటికీ సంగతి గమనించారు. నా మంచం వీధి కిటికీ పక్కనే ఉండేది. క్వారీ నుంచి మనుషులు సైకిళ్ళ మీద వచ్చి ఆ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాళ్ళు.

"అయ్యా, రెండో బట్టీకి బొగ్గెయ్యమంటారా వద్దంటారా?"

"అయ్యా, గాలి గొట్టం పగిలింది. పాతది యాడ పెట్టినారు?"

"నీళ్ళ ట్యాంకరోడు రాలా. ఏంది చేసేది?"

మూడో మనిషి వెళ్ళాక సిస్టరమ్మ లేచి కిటికీ తలుపులు వేసేశారు.

"ఆ ట్యాంకరోడి ఇల్లెక్కడో ఆ మనిషికి తెలీదా అబ్బాయ్?"

"తెలుసండీ. వాళ్ళ వీధే."

"మరి నాలుగు మైళ్ళు తొక్కుకుంటా నీ దగ్గరికెందుకు వచ్చాడు?"

ఆమె గ్లాసులో గ్లూకోజు కలుపుతూ, "వార్డులో ప్రతి పేషెంటూ డాక్టరు కోసమే అరుస్తున్నాడంటే, ఆ వార్డులో నర్సు లేదని అర్థం" అన్నారు.

నాకు సాయంగా ఒక మనిషి కావాలన్నది అప్పటికే ఇంట్లో అందరూ అంటున్న మాట. ఎలాంటి మనిషి అన్న దగ్గరే తేడా. మా నాన్న అభిప్రాయం సూటిగా ఉండేది. "ఎవడన్నా గట్టోణ్ణి పెట్టరా. వాణ్ణి చూస్తే నలుగురూ హడలిపోవాల." గట్టివాడు చేతికందే దూరంలోనే ఉన్నాడు. మా బావమరిదికి అప్పుడు ఇరవై ఎనిమిది. సర్పంచి ఎన్నికల్లో నిలబడి కొద్దిలో ఓడిపోయి, బుల్లెట్ మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. మనిషి మంచివాడు, ధైర్యవంతుడు, గొంతు ఎత్తితే అర మైలు వినపడుతుంది. "బావా, నువ్వు గుంటూరు ఆఫీసులు చూసుకో. ఇక్కడ నేనుంటే ఒక్కడు నోరెత్తడు" అన్నాడు. మా ఆవిడ కళ్ళలో వెలుగు చూశాను. తమ్ముడికి ఒక దారి దొరుకుతుందన్న ఆశ అది.

సిస్టరమ్మ ఆ మాటలన్నీ విన్నారు. మర్నాడు ఒక నోటుబుక్కు తెచ్చి నా పక్కలో పెట్టారు. "వారం రోజులు నిన్ను ఎవరెవరు ఏం అడగడానికొచ్చారో రాయి. జవాబులు రాయబాకు. అడిగినవి మాత్రం రాయి."

రాశాను. వారం తర్వాత ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క దాని పక్కన గీత పెడుతూ చదివారు. చదవడానికి గంట పట్టింది.

"ఇందులో నువ్వే చెప్పాల్సినవి నాలుగున్నాయి" అన్నారు చివరికి. "భయపెడితే తీరేది ఒక్కటీ కనపళ్ళా. మిగతావన్నీ పొద్దుటోడు ఏం చేసిపోయాడో మజ్జాన్నం వచ్చినోడికి తెలీక పుట్టినవి. గట్టోడొచ్చినా నిన్నే అడుగుతాడు. కాకపోతే గట్టిగా అడుగుతాడు."

"మరి ఎట్లాంటి మనిషి కావాలంటారు?"

"ఏ పని ఎందాకా వచ్చిందో చూసుకుంటా, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలో పెట్టించే మనిషి. ఎక్కడన్నా ఆపాల్సొస్తే ఆపే మనిషి."

"మీరే రండి" అన్నాను. నోటికొచ్చేసింది. ఆమె పెద్దగా నవ్వారు. "సూదులు పొడిచినదాన్ని. రాళ్ళ సంగతి నాకేం తెలుసు?"

"రాళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు."

మూడు రోజులు ఆలోచించుకుని నాలుగో రోజు ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. "నేను ఎవరి మీదా పెత్తనం చెయ్యను. ఎవర్నీ తియ్యను, పెట్టను. కానీ ఏదన్నా ఆపమంటే మాత్రం నువ్వొచ్చి నీ నోటితో చెప్పేదాకా అది ఆగాల్సిందే. నన్ను తిట్టుకోవాలనిపిస్తే ఆ తర్వాత తిట్టుకో." డాక్టరు రాసిన మందుచీటీకి రోగి తలూపినట్టు తలూపాను.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఆమెను పెట్టుకున్న పది రోజులకే బావమరిదిని కూడా మేనేజరుగా పెట్టుకున్నాను. అత్తగారింట్లో కాదనలేకపోయాను. ఎవరి పని ఏమిటో ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. కాదు, అలా అనుకున్నట్టు నటించాను.

సిస్టరమ్మ క్వారీకి ఎర్రబస్సులో వచ్చేవారు. దిగి, నల్ల గొడుగు తెరిచి, ముందు మొత్తం ఒక చుట్టు తిరిగి గానీ నీడలోకి వచ్చేవారు కాదు. మొదటి వారమంతా ప్రశ్నలే. ఇదెందుకు, అదెవరు చేస్తారు, ఇది చెడిపోతే ఏమవుతుంది. తూటాలు పేల్చే పని చూసే మేస్త్రీని ఒక పూటంతా కూర్చోబెట్టుకున్నారు. యాభై ఏళ్ళ మనిషి, లైసెన్సు ఉన్నవాడు, తక్కువ మాట్లాడేవాడు. రాతికి బొక్కలు కొట్టి, తూటాలు దించి, వత్తులు వరసగా ఎట్లా అంటిస్తారో అతను చెప్పాడు. ఎన్ని వత్తులంటించారో అన్ని మోతలు వినపడాలి. ఒకటి తగ్గిందంటే ఒక తూటా పేలకుండా రాళ్ళ కింద ఉండిపోయినట్టు. అప్పుడు మర్నాటి దాకా గోతిలోకి ఎవరూ దిగకూడదు. గునపం తగిలినా చాలు, పేలుతుంది. "ఇది మా అయ్య నాకు చెప్పిన లెక్క సిస్టరమ్మా" అన్నాడు. ఆమె ఆ మాటను అతని ఎదుటే నోటుబుక్కులో రాసుకున్నారు.

రెండు గంటలకు పొద్దుటి జట్టు దిగి, మధ్యాహ్నపు జట్టు ఎక్కేది. ఆ వేళకు రెండు జట్ల మేస్త్రీలనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఏం చేశాం, ఏం మిగిలింది, ఏం చెడిపోయింది అని పైకి చెప్పించేవారు. మొదట్లో వాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. "పెళ్ళిచూపులా ఏంది సిస్టరమ్మా ఇది?" అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేవారు, కానీ చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు. షెడ్డు గోడకు నల్లబోర్డు పెట్టించి, ఆగిన పనులు సుద్దతో రాసేవారు. ఎవర్నన్నా మందలించాల్సి వస్తే పక్కకు పిలిచి చెప్పేవారు. ఇంటి దగ్గర నన్ను అబ్బాయ్ అనే మనిషి, నలుగురి ముందూ మీరు అనేవారు. టీ డబ్బా వస్తే అందరూ తాగాక, మిగిలితేనే తాగేవారు. రెండు నెలలయ్యేసరికి నేను ఒక రోజు గురజాలలో క్షౌరం చేయించుకుంటూ, ఈ పూట నన్నెవరూ పిలవలేదన్న సంగతి గుర్తించి ఉలిక్కిపడ్డాను.

అయితే రెండో వైపు వేరేగా నడుస్తోంది. మా బావమరిదికి ఆ బోర్డంటే పడేది కాదు. "ఇది క్వారీనా, బడా?" అనేవాడు. ఆమె బాగుచేయించమని రాసిన మిషన్ను అతను నడపమనేవాడు. ఆమె రాసింది అరచేత్తో తుడిపేసేవాడు. ఆమె మళ్ళీ రాసేవారు. జనం ఇద్దరి మొహాలూ చూసి, ఎవరు దగ్గరుంటే వాళ్ళ మాట వినేవాళ్ళు. నాకు అన్నీ కనపడుతున్నాయి. సాయంత్రం ఇద్దరూ వేర్వేరుగా వచ్చి మాట్లాడితే ఇద్దరికీ సరే అనేవాణ్ణి.

ఆ రోజు నేను లీజు కాగితాల పని మీద గుంటూరు వెళ్ళాను. ఒక చక్కెర మిల్లు వాళ్ళు మొదటిసారి మా దగ్గర రాయి తీసుకోవడానికి నాలుగు లారీలు పంపారు. వాళ్ళ మనిషి కూడా వచ్చాడు. ఆ మిల్లు కుదిరితే ఏడాది పొడుగునా పని ఉంటుంది. సాయంత్రానికి నాలుగు లారీలూ నింపి పంపిస్తానని బావమరిది మాటిచ్చాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ అందర్నీ దూరంగా పంపి పదకొండు తూటాలు పేల్చారు. సిస్టరమ్మ ఎప్పటిలా షెడ్డు వెనక నిలబడి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. పది మోతలే వినపడ్డాయి. తూటాల మేస్త్రీ తన దాపు నుంచి లేచి వచ్చి, "ఏడోదీ ఎనిమిదోదీ కలిసి పేలినయ్యి. నా చెవికి అట్టనే తగిలింది" అన్నాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. అట్లా రెండు కలిసి పేలడం కూడా ఉన్నదే. బావమరిది "ఇంకేం, దిగండి" అని కేకేశాడు. గంపలు పట్టుకుని ఆడవాళ్ళు లేచారు.

అప్పుడు సిస్టరమ్మ షెడ్డులోంచి ఇనప కుర్చీ ఈడ్చుకొచ్చి, గోతిలోకి దిగే బండిదారి మధ్యలో వేసుకుని కూర్చున్నారట. ఒకటే దారి అది. ఆమెను తోసుకుని తప్ప దిగడానికి లేదు.

నేను బస్సు దిగేసరికి మూడున్నర. రోడ్డు మీది నుంచే ఏదో తేడాగా అనిపించింది. సమ్మెట మోత లేదు. రాతికి బొక్కలు కొట్టే గాలి మిషన్ చప్పుడు లేదు. డెబ్భై మంది పని చేసే చోట, ఎండలో, అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. ఎవరో పోయారనుకున్నాను. పరుగెత్తాను. చెప్పు తెగిపోతే అక్కడే వదిలేశాను.

గోతి గట్టు మీద మనుషులంతా గుంపుగా నిలబడి ఉన్నారు. ఖాళీ లారీలు నాలుగూ వరసగా ఉన్నాయి. దారి మధ్య కుర్చీలో సిస్టరమ్మ. గొడుగు తెచ్చుకోలేదు. మొహం కందిపోయి, పెదవులెండిపోయి ఉన్నాయి. ఆమె ఎదురుగా రెండు గజాల దూరంలో మా బావమరిది, చొక్కా అంతా చెమట.

"బావా, మూడు గంటలుగా ఇట్లాగే కూర్చుంది!" అన్నాడు. "లెక్క తప్పింది ముసలామె. మేస్త్రీ చెబుతున్నాడు కలిసి పేలినయ్యని. ఆడమనిషి కాబట్టి చెయ్యెయ్యకుండా ఆగినా. నువ్వు చెప్పు."

మిల్లు మనిషి గడియారం చూసుకుంటూ, "ఇంకో పావుగంట చూస్తానండీ. తర్వాత పిడుగురాళ్ళ క్వారీలకు పోతా" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళి వంగి అడిగాను. "ఖాయంగా తెలుసా అమ్మా, పేలలేదని?"

"తెలియదు" అన్నారు.

"తెలియకుండానే ఇంతమందిని ఆపారా?"

"తెలియదు కాబట్టే కూర్చున్నా. తెలిస్తే వెళ్ళి చూపించేదాన్ని కదా. మీరొచ్చారుగా, ఇక మీ నోటితో చెప్పండి. దిగమంటే లేస్తాను."

నిజం చెప్పాలంటే దిగండి అన్న మాట నా నాలుక మీదే ఉంది. నాలుగు లారీలు. ఏడాది పని. అత్తగారిల్లు. తల తిప్పితే మేస్త్రీ కనపడ్డాడు. ఎందుకడిగానో తెలియదు, "ముందు నువ్వు దిగుతావా?" అన్నాను. "దిగుతానయ్యా" అన్నాడు. అన్నాడు కానీ అతని పాదం కదలలేదు. నేను ఆ పాదం వంకే చూస్తూ నిలబడ్డాను. అతనూ కిందికి చూసుకున్నాడు. గట్టు మీద గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు మా ముగ్గురినీ చూస్తున్నారు.

"రేపు పొద్దున దాకా ఎవరూ దిగొద్దు" అన్నాను.

లారీలు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. నాలుగోది కూడా మలుపు తిరిగింది. బావమరిది బుల్లెట్ ఎక్కి, "నేనో ఆవిడో రేపటికి తేల్చుకో బావా" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఒక్కడే దిగాడు. రాళ్ళను చేత్తో ఒక్కొక్కటే తొలగిస్తూ, మధ్యాహ్నం దాకా పదకొండు బొక్కలూ వెతికి చూశాడు. పైకొచ్చి, చేతులు దులుపుకుని, "అన్నీ పేలినయ్యయ్యా" అన్నాడు.

అన్నీ పేలాయి. మేస్త్రీ చెవి కరెక్టే. సిస్టరమ్మ లెక్కే తప్పు. జనం మొదట గట్టిగా ఊపిరి వదిలారు, తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆమె "మంచిదేగా" అన్నారు. గొడుగు తెరుచుకుని బట్టీల వైపు వెళ్ళారు.

ఆ వారం మా ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగాయి. "మా తమ్ముణ్ణి నలుగుర్లో దోషిలా నిలబెట్టావు" అంది మా ఆవిడ, ఒక్కసారే. మా నాన్న, "చుట్టాన్ని పోగొట్టుకున్నావు, మిల్లును పోగొట్టుకున్నావు. దేనికిరా? ఒక నర్సమ్మ చెవుడుకి. ఆమెను పంపించెయ్" అన్నాడు. ఊళ్ళో టీ కొట్ల దగ్గర అదే కథ. నాకూ చానా ఉక్రోషంగా ఉండేది. ఆదివారం పొద్దున ఆమెను మానిపించడానికే ఎదురింటికి వెళ్ళాను.

ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. నేను నోరు తెరవకముందే అన్నారు. "అబ్బాయ్, నువ్వెందుకొచ్చావో తెలుసు. నాకు కోపం రాదు. కానీ ఒకటి తెలుసుకుని నిర్ణయించుకో. రేపు ఇట్టాంటిదే మళ్ళీ వస్తే మళ్ళీ కూర్చుంటా. మళ్ళీ తప్పయినా సరే. నీకు అట్టాంటి మనిషి కావాలా వద్దా, అదొక్కటే ఆలోచించు. నేనా, మీ బావమరిదా అని ఆలోచించబాకు."

చేటలో రాళ్ళు ఏరి పక్కన పెడుతున్న ఆమె వేళ్ళను చూస్తూ కూర్చున్నాను. కదలని మేస్త్రీ పాదం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. "రేపు బస్సుకు రండి" అని చెప్పి లేచి వచ్చేశాను. అక్కణ్ణుంచి నేరుగా అత్తగారి ఊరు వెళ్ళి, బావమరిదికి ఎదురుగా కూర్చుని, రావొద్దని నా నోటితోనే చెప్పాను. అది మొదట్లోనే చెప్పాల్సిన మాట. మా ఆవిడ నెల రోజులు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చింది. బావమరిది నాతో మూడేళ్ళు మాట్లాడలేదు.

మొన్న నరసరావుపేటలో సిస్టరమ్మను తీసుకెళ్ళేటప్పుడు అతను వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, చేతికర్ర వచ్చింది. పూలదండ తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. బయటికొచ్చాక నా పక్కన నిలబడి, "ఆ రోజు ఎండలో నానా మాటలూ అన్నా బావా. ఒక్కదానికీ తిరిగి మాటనలేదు. నీళ్ళు మాత్రం అడిగింది. నేనివ్వలా" అన్నాడు. ఇంతకాలం ఆ సంగతి నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

ఆమె మా క్వారీలో ఏడేళ్ళు పనిచేశారు, మోకాళ్ళు మొరాయించేదాకా. ఆ తర్వాత ఇంకో పదేళ్ళు నేను నడిపాను. కాళ్ళు విరిగాయి, తలలు పగిలాయి. ఎవరింటికీ చావు కబురు మాత్రం పంపలేదు. దానికి ఒక కారణం, ఆ గొడవ జరిగిన మరుసటి ఎండాకాలం నాటి సంగతి. అది చెప్పి ముగిస్తాను.

సిస్టరమ్మ ఆవకాయ పెట్టుకోవాలని మొదటిసారి రెండు రోజులు సెలవడిగారు. నేను మిషన్ భాగం ఒకటి కావాల్సి మాచర్ల వెళ్ళాను. ఆమె లేరు, నేను లేను. ఆ మధ్యాహ్నం పది వత్తులంటించారు. తూటాల మేస్త్రీకి తొమ్మిది మోతలే వినపడ్డాయి. "రెండు కలిసి పేలినయ్యేమోలే" అని జట్టులో ఒకడన్నాడు. కొంతమంది గంపలు తీసుకుని నడక మొదలుపెట్టారు కూడా. మేస్త్రీ తన సైకిలు తెచ్చి బండిదారికి అడ్డంగా పడేసి, దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. "నాకు తెలవదు. తెలిసేదాకా ఎవురూ దిగమాకండి" అన్నాడట. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం జట్టు మేస్త్రీ రాగానే ఆ ఒక్క మాటా ఎదురెదురుగా నిలబడి పైకి చెప్పి అప్పజెప్పాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మేస్త్రీ గోతిలో ఉన్నాడు. చెయ్యి పైకెత్తి, దగ్గరికి రావద్దని సైగ చేశాడు. దూరం నుంచే చూశాను. రెండు బండల సందున, చెక్కు చెదరని బొక్కలో, సగం కాలి ఆరిపోయిన వత్తి. కింద తూటా అలాగే ఉంది. ముందు రోజు ఆడవాళ్ళు వంగి రాళ్ళెత్తాల్సిన చోటు సరిగ్గా అదే. మేస్త్రీ పద్ధతి ప్రకారం దాన్ని అక్కడే పేల్చేశాడు. ఆ మోత విన్నప్పుడు అక్కడున్న ఆడవాళ్ళలో ఒకామె ఉన్నట్టుండి నేల మీద కూలబడి, రెండు చేతులతో మట్టి పట్టుకుంది.

నేను ఆ మాట చెప్పడానికి సైకిలు మీద ఊళ్ళోకి వచ్చాను. సిస్టరమ్మ పెరట్లో ఉన్నారు. పెద్ద బేసిన్లో మామిడికాయ ముక్కలు, వాటి మీద మా గుంటూరు మిర్చి కారం, ఆవపిండి. మోచేతుల దాకా ఎర్రగా, వంగి కలుపుతున్నారు. నిలబడే చెప్పాను, మేస్త్రీ సైకిలు సంగతి మొదలుకుని చివరిదాకా. ఆమె కలపడం ఆపి లేచి నిలబడ్డారు.

"అతనే ఆపాడా? ఎవరూ చెప్పకుండానే?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

చేతులు రెండూ కారంలో ఉన్నాయి, కళ్ళకు తగలకూడదని ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకున్నారు. ఆ ఎర్రటి చేతులతో, తుడుచుకునే వీల్లేక, పెరటి ఎండలో అలాగే నిలబడిపోయారు. కన్నీళ్ళు గడ్డం దాకా జారి, తెల్లచీర మీద పడుతున్నాయి.